కాగితం కవరులో దాక్కున్న ప్లాస్టిక్, దానికి పోటీగా వస్తున్న గడ్డి పూత: నానో సెల్యులోజ్ గురించి ఒక రైతుగా నాకు అర్థమైనది



ఈ వారం వీడియో మొదట్లోనే నా చేతిలో ఒక పల్చటి పొర చూసి ఉంటారు. ఉల్లిపొర లాగా ఉంటుంది. వెలుతురుకి పెడితే అవతల మనిషి కనపడతాడు. అది నాకు ఎక్కడ దొరికిందో తెలుసా? మా కంపోస్టు కుప్పలో.

జరిగింది చెప్తాను. మాది దివిసీమ. దేశవాళీ వరి, మినుము, నువ్వులు వేస్తాం. ముడి బియ్యం, నువ్వుల ఉండలు ప్యాక్ చేసి హైదరాబాద్, బెంగళూరు పంపిస్తాం. "ప్రకృతి వ్యవసాయం అంటారు, మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పంపిస్తారేంటండీ" అని కొనేవాళ్ళు అడిగేవారు. నిజమే కదా అనిపించి గోధుమరంగు కాగితం కవర్లకు మారాం. అమ్మిన షాపు అతను "మొత్తం పేపరే సార్, మట్టిలో కలిసిపోద్ది" అన్నాడు. నమ్మేశాం. చిరిగినవి, ప్రింటు తప్పు పడినవి అన్నీ తీసుకెళ్ళి కంపోస్టు కుప్పలో వేసేవాళ్ళం.

ఎనిమిది నెలల తర్వాత ఆ ఎరువు వంగతోటలో చల్లుతుంటే, కాగితం ఆనవాలు లేదు కానీ కవరు సైజులో ఈ పొరలు మాత్రం చెక్కుచెదరకుండా బయటికి వచ్చాయి. పనికి వచ్చిన పెద్దావిడ చూసి, "ఇదేంటి బాబూ, అందరికీ ప్లాస్టిక్ వద్దని చెప్పి మీ చేలో మీరే చల్లుకుంటున్నారు?" అంది. తల తీసేసినట్టయింది. రెండు రోజులు ఇద్దరం కూర్చుని ఏరాం. అప్పటికీ ముక్కలైపోయినవి మట్టిలో ఉండే ఉంటాయి.

కోపంతో అసలు ఏ పొరా లేని ఒట్టి కాగితం కవర్లు తెచ్చాం. ఈసారి దెబ్బ ఇంకోవైపు నుంచి పడింది. నువ్వుల ఉండల నూనె కాగితానికి పట్టి మరకలు కట్టింది. వానాకాలంలో ఉండలు మెత్తబడ్డాయి. ఎప్పటి నుంచో మా దగ్గర కొనే ఒకావిడ ఫోన్ చేసి, "బియ్యం ముక్కవాసన వస్తోందండీ, పాతవి పంపారా?" అని అడిగారు. పాతవి కాదు, మర ఆడించి నెల కూడా కాలేదు. ఆ నెలలో వెనక్కి వచ్చిన సరుకు చూసి మా ఆవిడ "భూమిని కాపాడాలంటే బియ్యం పాడవ్వాలా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటేనే ఈ నానో సెల్యులోజ్ విషయం తెలిసింది. "గడ్డితో చేసే ప్లాస్టిక్ వచ్చేసింది, ఇక ప్లాస్టిక్ కథ ముగిసింది" అని కొన్ని వీడియోల్లో చెప్పేస్తున్నారు. అంత తేలిక కాదు. అలాగని కొట్టిపారేసే విషయం కూడా కాదు. ఏది నిజం, ఎంతవరకు నిజం అనేది ఈ పోస్టులో వివరంగా రాస్తున్నాను.

ముందు ప్యాకెట్ చేసే పని ఏమిటో చూద్దాం

తిండి వస్తువును పాడుచేసే దొంగలు ముఖ్యంగా ముగ్గురు. ఒకటి తేమ, అంటే గాలిలోని నీటి ఆవిరి. రెండు ఆక్సిజన్. ఇది నూనె ఉన్న ప్రతి వస్తువునీ ముక్కవాసన పట్టిస్తుంది. మూడోది లోపలి నుంచే వస్తుంది, వస్తువులోని నూనె. అది కాగితంలోకి ఇంకి మరకలు చేస్తుంది, కవరుని బలహీనం చేస్తుంది.

వీటిని ఆపే పొరని అడ్డుపొర అనుకుందాం. ఇది మనకు కొత్తేమీ కాదు. ఆవకాయ జాడీలో పైన నూనె తేలేలా ఎందుకు పోస్తారు? ఆ నూనె పొర ముక్కకి గాలి తగలకుండా ఆపుతుంది. ఆ జాడీ లోపల మెరిసే గాజు పూత కూడా అడ్డుపొరే. పూత లేని మట్టికుండలో ఊరగాయ పెడితే నూనె అంతా కుండ పీల్చేస్తుంది.

కాగితం సంగతి కూడా ఆ పూత లేని కుండ లాంటిదే. కాగితం అంటే పీచు పోగులు అడ్డదిడ్డంగా అల్లుకున్న చాప. పోగుకీ పోగుకీ మధ్య సందులు ఉంటాయి. కంటికి కనపడవు కానీ ఆక్సిజన్ లెక్కలో చూస్తే అవి కోట గుమ్మాలంత పెద్దవి. అందుకే కాగితం లోపల పాలిథిన్ పొర అతికిస్తారు. చిప్స్, బిస్కెట్ల లాంటి వాటికి ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు రెండు మూడు కలిపి అతికిస్తారు. సరుకు భద్రంగానే ఉంటుంది. కానీ ఆ పొరలను విడదీసి రీసైకిల్ చేయడం చాలా కష్టం.

నూనె ఆపడానికి ఇంకో పద్ధతి ఉండేది. ఫ్లోరిన్ ఉన్న పీఫాస్ అనే రసాయనాలు కాగితానికి పట్టించేవారు. ఇవి ప్రకృతిలో దాదాపు విరగవు. డెన్మార్క్ 2020లోనే వీటిని ఆహారం తగిలే కాగితంలో నిషేధించింది. నూనె పట్టకుండా కాగితానికి వాడే ఈ రకం పదార్థాల అమ్మకం తమ దేశంలో ఆగిపోయిందని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ప్రకటించింది. కాబట్టి "ప్లాస్టిక్ లేకుండా, పీఫాస్ లేకుండా కాగితం సందులు మూసేదెలా?" అనేది ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతున్న విషయం.

సెల్యులోజ్ అంటే మన గడ్డే

మొక్క నిలబడడానికి కావలసిన ఎముక లాంటిది సెల్యులోజ్. 1838లో అన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మొక్కల నుంచి వేరుచేసి గుర్తించాడు. పత్తి దూదిలో తొంభై శాతానికి పైగా ఇదే. చెరకు పిప్పిలో, వరిగడ్డిలో మూడో వంతుకు పైగా ఉంటుంది. అరటి నారలో సగానికి పైనే.

ఇది గ్లూకోజ్ గొలుసు. బియ్యంలోని పిండి పదార్థమూ గ్లూకోజ్ గొలుసే. లింకు వేసిన తీరు మాత్రం వేరు. అందుకే అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆ లింకుని విప్పగలవు. మన ఆచ్ఛాదన కింద మట్టిలో ఉన్న సూక్ష్మజీవులు కూడా విప్పగలవు. నేల దీన్ని కోట్ల ఏళ్ళుగా తింటోంది, ప్లాస్టిక్‌కీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

ఒక గడ్డి పోగుని చీల్చితే సన్నపోగులు, వాటిని చీల్చితే ఇంకా సన్నపోగులు వస్తాయి. కొబ్బరి తాడు విప్పినట్టు. అలా విప్పుకుంటూ పోతే చివరికి కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల మందం ఉన్న పోగులు మిగులుతాయి. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంటే వెంట్రుకని నిలువుగా వేల ముక్కలు చేస్తే వచ్చేంత సన్నం అన్నమాట. ఈ పోగుల్నే నానో సెల్యులోజ్ అంటారు.

పాల మిషన్లో పుట్టిన గుజ్జు

దీని పుట్టుక కథ నాకు బాగా నచ్చింది. 1970ల చివర్లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆల్బిన్ టర్బాక్, ఆయన తోటివాళ్ళు కలపగుజ్జుని నీళ్ళలో కలిపి పాల హోమోజినైజర్‌లో పంపారు. పాలమీద మీగడ విడిగా తేలకుండా డెయిరీల్లో వాడే మిషన్ అది. ఎక్కువ ఒత్తిడితో సన్నటి సందులోంచి పాలను చిమ్మిస్తుంది. గుజ్జుని అందులో మళ్ళీ మళ్ళీ పంపితే పోగులు విడిపోయి, చిక్కటి జెల్ లాంటి ముద్ద బయటికి వచ్చింది. అందులో ఉన్నది నూటికి రెండు పాళ్ళు పీచు, మిగతా 98 పాళ్ళు నీళ్ళే. అయినా గిన్నె వంచితే కారదు.

జపాన్‌లో దీనికి ఇంకో రకం మిషన్ కూడా వాడతారు. రెండు గుండ్రటి రాళ్ళ మధ్య గుజ్జుని రుబ్బుతుంది. మన తిరగలి లాంటిదే. తిరగలిలో పైరాయి తిరుగుతుంది, అక్కడ కిందిరాయి తిరుగుతుంది, అంతే తేడా.

గడ్డి నుంచి చేయాలంటే ముందు క్షారంతో ఉడికించి లిగ్నిన్ తీసేయాలి. లిగ్నిన్ అంటే పోగుల్ని అతికించే సహజ జిగురు. తర్వాత కడగడం, తెల్లబరచడం. ఆ తర్వాత రుబ్బడం సులువయ్యేలా ఎంజైములతోనో రసాయనంతోనో గుజ్జుని వదులు చేస్తారు. చివరికి హోమోజినైజర్ లేదా గ్రైండర్. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసోగై, త్సుగుయుకి సైతో బృందం కనిపెట్టిన పద్ధతిలో మూడు నాలుగు నానోమీటర్ల సన్నటి పోగులు వస్తాయి. ఆ పనికి వారికి 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. అడవి, కలప రంగాల పరిశోధనలో అది చాలా పెద్ద బహుమతి.

మన దేశంలో కూడా పని జరుగుతోంది. ముంబయిలో సిర్‌కాట్ అనే పత్తి పరిశోధన సంస్థ ఉంది, భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందిది. వాళ్ళు పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి పీచు లాంటి వాటి నుంచి నానో సెల్యులోజ్ తీసే పైలట్ ప్లాంట్ 2015లో పెట్టారు.

పూత ఎలా పనిచేస్తుంది? పూతరేకుని చూడండి

వీడియోలో ఆత్రేయపురం పూతరేకు పట్టుకుని చూపించింది ఇందుకే. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి లాగుతారు. నీళ్ళు క్షణంలో ఆవిరైపోతాయి. పిండి మాత్రం ఒకదానికొకటి అతుక్కుని రేకుగా మిగులుతుంది. జిగురు కలపలేదు, అయినా అంటుకుంది.

నానో సెల్యులోజ్ పూత కూడా ఇలాగే తయారవుతుంది. జెల్‌ని కాగితం మీద పల్చగా రాసి ఆరబెడతారు. నీళ్ళు పోతున్న కొద్దీ పోగులు దగ్గరికి జరుగుతాయి. పోగుకీ పోగుకీ మధ్య హైడ్రోజన్ బంధాలు పడతాయి. వేరే జిగురు అక్కర్లేదు. ఆరాక ఆ పొరలో ఆక్సిజన్ దూరడానికి దారి చాలా తక్కువ ఉంటుంది. ఉన్న దారి కూడా మెలికలు తిరిగి ఉంటుంది. సెల్యులోజ్‌లోని స్ఫటిక భాగాల గుండా ఆక్సిజన్ పోలేదు, చుట్టూ తిరిగి రావాలి. తిరునాళ్ళ గుంపులో ఇవతల నుంచి అవతలికి వెళ్ళాలంటే ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి, అలాంటిదే.

ఎంత బాగా ఆపుతుంది? 2009లో టోక్యో బృందం ఒక ప్రయోగం చేసింది. మొక్కజొన్న లాంటి వాటి నుంచి చేసే పీఎల్‌ఏ అనే ఫిల్మ్ మీద 0.4 మైక్రాన్ల పూత వేశారు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పొడి స్థితిలో ఆ ఫిల్మ్ గుండా పోయే ఆక్సిజన్ లెక్క 746 నుంచి 1కి పడిపోయింది. అంత పల్చటి పూతకి ఇది మామూలు ఫలితం కాదు.

నూనె విషయంలో కూడా మంచి మార్కులే. సెల్యులోజ్ నీటిని ఇష్టపడుతుంది, నూనెని ఇష్టపడదు. సందులు మూసుకుపోయాయి కాబట్టి నూనె కాగితంలోకి ఇంకలేదు. మా నువ్వుల ఉండల సమస్యకి ఇది సరిగ్గా సరిపోయే మందు. పీఫాస్ చేసే పనిని అసలు పీఫాస్ లేకుండా చేస్తుంది.

మరి ఎక్కడ ఓడిపోతుంది?

నీటిని ఇష్టపడుతుంది అని చెప్పాను చూడండి, చిక్కంతా అక్కడే ఉంది.

పూతరేకు చుట్టేవాళ్ళు ఏం చేస్తారు? కరకరలాడే రేకుని కాసేపు తడిగుడ్డ మీద పెడతారు. చిటికెలో మెత్తబడి మడతకి వస్తుంది. రెండు చుక్కలు ఎక్కువ పడితే ముద్దైపోతుంది. తేమ పొరలోకి దూరి అణువుల మధ్య పట్టు సడలిస్తుంది. నానో సెల్యులోజ్ పూతకి జరిగేదీ అదే. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు ఆక్సిజన్‌ని బ్రహ్మాండంగా ఆపే పొర, తేమ 70 దాటి 80 శాతానికి పోయేసరికి ఉబ్బి వదులవుతుంది. ఆక్సిజన్ దారి మళ్ళీ తెరుచుకుంటుంది. ఇక నీటి ఆవిరినైతే మొదటి నుంచీ అంతంతమాత్రంగానే ఆపుతుంది.

శ్రావణ భాద్రపదాల్లో మా దివిసీమ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఉప్పుడబ్బా మూత తీసి పెడితే మధ్యాహ్నానికి నీరు కారుతుంది. 80 శాతం తేమ ఇక్కడ మామూలు. చలిదేశంలో పొడిగదిలో కొలిచిన లెక్క చూసి మనం ప్యాకెట్ కొంటే మోసపోతాం. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు, "ఎంత తేమలో కొలిచారు" అనే మాట చెప్పకపోతే చాలు.

ఇంకో బలహీనత మడత. పూత పెళుసుగా ఉంటుంది. కవరు మడిచిన చోట చీలితే నూనె అక్కడ్నుంచే కారుతుంది. పురుగు సంగతి కూడా చెప్పాలి. ముక్కు పురుగు, నుసి పురుగు కాగితాన్ని తొలిచేస్తాయి. ఈ పూత వాటిని ఆపుతుందని ఆశపెట్టుకోకండి.

దీనికి పరిశోధకులు చూపే దారి పూరీ మధ్య కూర పెట్టినట్టు, అంటే రెండు పొరల మధ్య దాచడం. నానో సెల్యులోజ్ పొర ఆక్సిజన్‌ని, నూనెని చూసుకుంటుంది. దాని మీద మైనం, లక్క, పీఎల్‌ఏ లాంటి నీటిని తోసే పొర వేసి తేమ తగలకుండా కాపాడతారు. ఇది కొత్త తెలివేమీ కాదు. ఇప్పుడు ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఆక్సిజన్ ఆపడానికి వాడే ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ కూడా తేమకి బలహీనపడుతుంది. అందుకే దాన్ని రెండు పాలిథిన్ పొరల మధ్య పెడతారు. మనకి కావలసింది ఆ మధ్య పొరా, బయటి పొరలూ అన్నీ మట్టిలో కలిసేవి కావడం. ఒక్క జాగ్రత్త: పీఎల్‌ఏ మన పెరటి కుప్పలో త్వరగా కలవదు. దానికి సుమారు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే పెద్ద కంపోస్టు ప్లాంట్ కావాలి.

ఇంకా మన ఊరి షాపుకి ఎందుకు రాలేదు?

ఒక చిన్న లెక్క వేద్దాం. చదరపు మీటరుకి 5 గ్రాముల పూత కావాలనుకోండి. జెల్‌లో పీచు నూటికి రెండు పాళ్ళే. అంటే 5 గ్రాముల పీచు కోసం 250 గ్రాముల జెల్ రాయాలి. కాగితం బరువు ఎంత? చదరపు మీటరుకి 80 గ్రాములు. 80 గ్రాముల కాగితం మీద 245 గ్రాముల నీళ్ళు పోసి, అది చిరక్కుండా, ముడుచుకోకుండా, మిషన్ మీద పరుగెడుతుండగా ఆరబెట్టాలి. కష్టం ఎక్కడుందో అర్థమైంది కదండీ.

జెల్‌ని ముందే పొడిచేసి అమ్మొచ్చు కదా అంటారా? ఒకసారి ఆరితే పోగులు ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. మళ్ళీ నీళ్ళలో వేసినా పూర్తిగా విడిపోవు. ఎండిన పూతరేకుని నీళ్ళలో వేస్తే పిండినీళ్ళు తిరిగి రావు కదా. అందుకే చాలావరకు తడి జెల్‌గానే రవాణా చేయాలి, అంటే లారీలో ఎక్కువగా నీళ్ళే మోయాలి.

కరెంటు ఇంకో ఖర్చు. మొదట్లో ఒక టన్ను పీచుని నానో సైజుకి తేవడానికి 20 వేల యూనిట్లకు పైగా ఖర్చయ్యేది. తర్వాత ముందుగా ఎంజైములతో గుజ్జుని వదులు చేసే పద్ధతులు వచ్చి అది చాలా తగ్గింది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, జపాన్, కెనడాల్లో ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. జపాన్‌లో నిప్పన్ పేపర్ కంపెనీ 2017లో ఇషినోమాకిలో ఏడాదికి 500 టన్నులు చేసే ప్లాంట్ మొదలుపెట్టింది. అయినా పాలిథిన్ ధరతో పోటీ పడే రోజు ఇంకా రాలేదు.

మరి గడ్డి ఎవరికి?

ఈ ప్రశ్న మనలాంటి వాళ్ళమే అడగాలి, ఫ్యాక్టరీ వాళ్ళు అడగరు. వ్యవసాయ వ్యర్థాల నుంచి చేస్తున్నాం అంటారు. మనకి గడ్డి వ్యర్థం కాదు. ఆవుకి మేత, నేలకి ఆచ్ఛాదన. గడ్డంతా బేళ్ళు కట్టి లారీ ఎక్కిస్తే మన జీవామృతానికి ఆవు ఎక్కడుంటుంది?

దీనికి కూడా లెక్క వేశాను. అరకిలో కవరు 20 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు అనుకుంటే రెండు వైపులా కలిపి 0.12 చదరపు మీటరు. పూత 0.6 గ్రాము, కాగితం 9.6 గ్రాములు. అంటే ఒక టన్ను నానో సెల్యులోజ్‌తో 16 లక్షల కవర్లకు పైగా పూత వేయొచ్చు. ఒక టన్ను గుజ్జుకి సుమారు రెండున్నర టన్నుల గడ్డి పడుతుంది. మా వైపు ఎకరా వరిగడ్డి రెండు, రెండున్నర టన్నులు. కాబట్టి 16 లక్షల కవర్ల పూతకి ఒక ఎకరం గడ్డి చాలు. కానీ అదే కవర్ల కాగితం గడ్డితోనే చేయాలంటే పదహారు ఎకరాల గడ్డి కావాలి.

నాకు ఇందులో తెలిసింది ఏమిటంటే, పూత మన గడ్డిని మింగదు, కాగితం మింగుతుంది. గెల వేశాక కొట్టి గట్టున పడేసే అరటి బోదెలు, చెరకు పిప్పి, పత్తి మిల్లులో మిగిలే పొట్టి పీచు, తగలబెట్టేసే చోట గడ్డి, వీటి నుంచి చేస్తే సంతోషం. వరిగడ్డిలో ఇసుక లాంటి సిలికా ఎక్కువ ఉండి గుజ్జు మిల్లులకు అదొక తలనొప్పి కూడా. ఆవు ముందున్న గడ్డి జోలికి మాత్రం రానివ్వకూడదు.

ఇప్పుడు మనం చేయగలిగినవి

ముందు మీ సరుకు ఏ దొంగకి భయపడుతుందో చూసుకోండి. బెల్లం తేమకి భయపడుతుంది. నువ్వులు, వేరుశనగ, ముడి బియ్యం, తవుడు ఉన్న పిండి ఆక్సిజన్‌కి భయపడతాయి. పప్పులు పురుగుకి, తేమకి. పసుపు, కారం వెలుతురుకి కూడా. కూరగాయలు, పండ్లు ఊపిరి పీలుస్తాయి కాబట్టి వాటిని గాలాడకుండా మూయకూడదు. ఈ లెక్కన నానో సెల్యులోజ్ పూత నూనె ఉన్న పొడి సరుకుకి బాగా పనికొస్తుంది. బెల్లానికి అది ఒక్కటే చాలదు.

కాగితం కవరు కొనేముందు మూడు పరీక్షలు చేయండి. వీడియోలో మూడూ చేసి చూపించాను.

మొదటిది, కవరు ముక్కని గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వేళ్ళతో నలపండి. అంతా గుజ్జైతే మంచిది. సాగే పొర మిగిలితే పాలిథిన్ ఉన్నట్టే. పొర రాకపోయినంత మాత్రాన ప్లాస్టిక్ లేదని గ్యారంటీ లేదు. నీళ్ళలో కలిపి రాసే ప్లాస్టిక్ పూతలు కూడా ఉన్నాయి. అందుకే అమ్మేవాడిని పూత దేనిదో కాగితం మీద రాసి ఇమ్మనండి.

రెండోది, కవరుని గట్టిగా మడిచి విప్పి, ఆ మడత మీద నువ్వుల నూనె చుక్క వేయండి. కింద తెల్లకాగితం పెట్టి ఒక రోజు వదిలేయండి. మరక పడితే మడత దగ్గర పూత చీలిందని అర్థం.

మూడోది, కళ్ళుప్పు మూకుడులో బాగా వేయించి, ఆరాక వంద గ్రాములు తూచి కవర్లో వేసి మూయండి. పక్కన అంతే ఉప్పు గాజు సీసాలో వేసి గట్టిగా మూత పెట్టండి. వానాకాలంలో వారానికోసారి తూచండి. ఏ కవరు ఎంత బరువు పెరిగిందో అది అంత తేమని లోపలికి రానిచ్చినట్టు. ఇది మీ ఊరి గాలిలో మీరు చేసిన కొలత. ఏ కంపెనీ పత్రం కన్నా మీకు ఇదే ఎక్కువ ఉపయోగం.

"ఇది నానో సెల్యులోజ్ పూత" అని ఎవరైనా అమ్మితే ఇవి అడగండి. ఆక్సిజన్ లెక్క ఎంత తేమలో కొలిచారు? పైన నీటిని ఆపే పొర ఏది? ఆహారం తగలొచ్చని ధ్రువపత్రం ఉందా? కంపోస్టయ్యే ప్లాస్టిక్ కూడా కలిసి ఉంటే ఐఎస్ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉన్నాయా? ఇంట్లో గుజ్జు రుబ్బి కవర్లకి రాసే ప్రయోగాలు మాత్రం అమ్మే సరుకు మీద చేయకండి. అలాగే పాత న్యూస్‌పేపర్లో తినే వస్తువులు చుట్టొద్దు, ఆ సిరా తిండికి అంటుతుంది. ఆహార భద్రతా సంస్థ నిబంధనలూ దాన్ని ఒప్పుకోవు.

మేమేం చేస్తున్నామంటే

ముడి బియ్యం నిల్వ పెట్టడం మానేశాం. వడ్లుగా ఉంచి, ఆర్డర్లు వచ్చాక వారానికోసారి ఆడిస్తున్నాం. పొట్టు తీయగానే తవుడులోని ఎంజైము దాని నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. ఎంత గొప్ప పూతైనా దాన్ని ఆపలేదు. పైగా ప్యాకెట్ లోపల మిగిలిన గాలి ఎలాగూ ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి స్టీలు డబ్బాలు. ఖాళీది తెచ్చి నిండుది పట్టుకెళ్తారు. నూనెకి గాజు సీసాలు.

దూరం పంపే నువ్వుల ఉండలకి మాత్రం ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన కవరు వాడుతున్నాం. అవునండి, ప్లాస్టిక్కే. దాని మీద "ఇది ప్లాస్టిక్. మట్టిలో వేయకండి. పది కవర్లు తిరిగి పంపితే ఒక ఉండల ప్యాకెట్ ఉచితం" అని రాశాం. మొదట సిగ్గుగా అనిపించింది. కానీ కాగితం ముసుగులో ఉన్న ప్లాస్టిక్ కన్నా, పేరు చెప్పుకున్న ప్లాస్టిక్ నయం. తిరిగి వచ్చేది రీసైకిల్‌కి వెళ్తుంది, చేలోకి రాదు.

మన తేమలో పరీక్షించిన, మడత దగ్గర చీలని, మా కంపోస్టు కుప్పలో పూర్తిగా కలిసిపోయే నానో సెల్యులోజ్ కవరు దొరికిన రోజున మొదట కొనేవాళ్ళలో నేనుంటాను. కొన్న రోజే ఒకటి కుప్పలో పాతిపెట్టి, ఎనిమిది నెలలకి తవ్వి మీకు వీడియోలో చూపిస్తాను. ఆ రోజు పెద్దావిడని కూడా పక్కన నిలబెడతాను.

అప్పటిదాకా మీ దగ్గరున్న కాగితం కవరు ఒకటి ఈ రాత్రికి నీళ్ళలో నానబెట్టండి. పొద్దున్నే ఏం మిగిలిందో చూసి, వీడియో కింద రాయండి. ఉంటానండి, నమస్తే.